చేరిన తేదీ

"కూర్చుని టైపు చేసే పనేగా, దానిక్కూడా అలసటేనా?" అన్నాడు భర్త, ఆమె టిఫిన్ డబ్బాల మూతలు బిగిస్తుంటే. ఆమె దేవుడి పటం ముందు ఒక్క క్షణం చేతులు జోడించి బస్సెక్కింది.

ఆ కూర్చుని చేసే పని ఏమిటంటే, ఫ్యాక్టరీలోని ఎనిమిది వందల మంది వివరాలను పాత రిజిస్టర్లతో పోల్చి, కొత్త సాఫ్ట్‌వేర్‌లో సరిచూడడం. పేరు, రక్తం గ్రూపు, చేరిన తేదీ, ప్రమాదం జరిగితే పిలవాల్సిన నంబరు. పెళ్ళయిన మగవాళ్ళందరికీ ఆ గడిలో ఉన్నది భార్య నంబరే. ఆమె గడిలో భర్త నంబరుంది. పనివేళల్లో ఆయన ఫోనెత్తడు.

మధ్యాహ్నం మేనేజరు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"కానుపు సెలవు తీసుకున్న ఆడవాళ్ళున్నారు కదమ్మా, ఇరవై ముగ్గురు. తిరిగొచ్చిన రోజునే చేరిన తేదీగా మార్చెయ్. మధ్యలో ఖాళీ ఉంటే చూడ్డానికి బాగోదు."

"అది ఖాళీ కాదు సార్, సెలవు."

"ఏదో మాటవరసకన్నాలే."

మాటవరస కాదని ఆమెకు తెలుసు. వచ్చే నెల విభాగాధికారిని ఎంపిక చేస్తారు. పదేళ్ళ సర్వీసుండాలి. ఆమెకు పన్నెండు. తేదీ మారితే ఏడే. ఇక పోటీలో మిగిలేది, ఆమె దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు మేనేజరు వెంట తిరుగుతున్న మనిషి.

సాయంత్రం ఇంట్లో చెప్పింది.

"ఒక్క తేదీకి ఇంత రాద్ధాంతమా? సర్దుకో" అన్నాడు భర్త.

"కనడానికి సెలవిచ్చారు, జీతమూ ఇచ్చారు. ఇంకా ఏం కావాలమ్మా నీకు?" అంది అత్తగారు, చిక్కుళ్ళ పీచు తీస్తూనే.

ఏం కావాలి? బిడ్డ పుట్టిన పన్నెండో రోజున ఇదే మేనేజరు ఫోన్ చేసి, హాజరు ఫైలు ఎక్కడుందని అడిగాడు. ఒళ్ళో బిడ్డ పాలు తాగుతుంటే, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని అరగంట చెప్పింది. ఆ రోజు ఆమె ఉద్యోగంలో లేకపోతే, ఆ ఫోను ఎవరికి చేసినట్టు? మర్నాడు పొద్దున్నే దేవుణ్ణీ అదే అడిగింది. స్వామీ, ప్రాణం పోసే పని నువ్వే అప్పగించావు కదా, ఆ రోజులు నా బతుకులో లేవంటే నువ్వైనా ఒప్పుకుంటావా? పటం ఏమీ అనలేదు. అడిగినందుకు కోపగించుకున్నట్టూ అనిపించలేదు.

ఆఫీసుకొచ్చి ఇరవై రెండు నియామక పత్రాలు బయటికి తీసింది. ఒక్కొక్కరి పేజీలో తేదీ పోల్చి, పత్రం జతచేసి, 'సరిచూశాను' నొక్కింది. నొక్కాక పై ఆఫీసు అనుమతి లేకుండా ఎవరూ మార్చలేరు. ఇరవై మూడోది ఆమెది. ఎవరి వివరాలు వాళ్ళు ముట్టుకోకూడదని నియమం. దాన్ని మేనేజరే చూడాలి.

తన పత్రం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది.

"మిగతావాళ్ళవి అయిపోయాయి సార్. అసలు తేదీలే ఉంచాను."

"నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?"

"నాదొక్కటే మిగిలింది. మార్చాలనుకుంటే మీ చేత్తోనే మార్చండి. కారణం రాయందే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, కింద మీ పేరూ పడుతుంది."

ఆయన పేజీ తెరిచాడు. కారణం గడి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

"ఇప్పుడే కావాలా? నువ్వెళ్ళు, తర్వాత చూద్దాం."

"ఫరవాలేదు సార్, ఆలోచించుకునే రాయండి" అంటూ, పన్నెండేళ్ళలో మొదటిసారి, ఆయన చెప్పకుండానే ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.