మందుకొమ్ము నోట రాని మాట

నేను ఒక అడవిదున్న కొమ్మును. పుట్టింది దున్న నెత్తిమీద, బతికింది మనుషుల నడుముకు వేలాడుతూ. ఆ దున్నను పడగొట్టినవాళ్ళే నన్ను కోసి, ఉడకబెట్టి, లోపలి గుజ్జంతా గీకేసి, వెడల్పు పక్క చెక్కబిళ్ళ బిగించి, కొసకు బెజ్జం తొలిచి, తుపాకి మందు దాచుకునే మందుకొమ్ముగా చేశారు. నా దున్నను చంపిన మందునే నా కడుపులో మోయడం నాకిష్టమేనా అని ఎవరూ అడగలేదు. మనుషులకు అడిగే అలవాటు తక్కువ. ఒకరినొకరు అడగడం మరీ తక్కువ.

నన్ను చేసినవాడు గెమ్మిలి సింగన్న. పాడేరు కొండల్లో కుసుమపుట్టు అని పాతిక గడపల ఊరు, అందులో వేటగాడు. అతను పోయాక నేనూ, నాటు తుపాకీ అతని కొడుకుల చేతికి వచ్చాం. పెద్దవాడు బొంజన్న, చిన్నవాడు దాలయ్య. ఆ ఊళ్ళో ఒక కట్టు ఉండేది. మందు పోసే చెయ్యి వేరు, పేల్చే చెయ్యి వేరు. రెండూ ఒక్కడే చేస్తే కొండదేవత ఆ ఒంటిగాణ్ణి తనకే ఉంచేసుకుంటుందని వాళ్ళ నమ్మకం. అందుకని పదిహేనేళ్ళపాటు దాలయ్య పోశాడు, బొంజన్న పేల్చాడు. జంతువు పడితే పేరు బొంజన్నది, తొడ ముక్క బొంజన్నది, దాలయ్యకు మిగిలేది వేళ్ళకంటిన మసి. అయినా దాలయ్య ఏనాడూ మూతి ముడుచుకోలేదు. తన చెయ్యి పోసిన తుపాకి తప్పదని ఊరు అంటుంటే ఆ ఒక్క మాటతో అతని కడుపు నిండేది.

చైత్రంలో అక్కడ ఇటుకల పండుగ. మగవాళ్ళందరూ వేటకు కొండెక్కుతారు. ఉత్త చేతులతో దిగివచ్చినవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరించి ఏడిపిస్తారు. ఒక ఏడాది ఆ వేటలో బండల మలుపున ఎలుగు ఎదురొచ్చింది. బొంజన్న గురిపెట్టి మీట నొక్కాడు. నిప్పు పుట్టించే కేపు టప్పుమంది గానీ మందు అంటుకోలేదు. ఎలుగు రెండో అవకాశం ఇవ్వలేదు. బొంజన్నను గుర్తుపట్టడానికి అతని మొలతాడు చూడాల్సి వచ్చింది.

ఊరంతా దాలయ్య చెయ్యి వంక చూసింది. నా వంక ఎవరూ చూడలేదు. నా చెక్కబిళ్ళ ఎండకు ముడుచుకుపోయి వెంట్రుకవాసి సందు ఇచ్చింది. రెండు రోజుల మంచు అందులోంచి దూరి మందును చెమ్మ చేసింది. తప్పు నాది. ఆ మాట చెప్పడానికి నా కొసన బెజ్జమైతే ఉంది గానీ, అందులోంచి మందే తప్ప మాట రాదు.

అన్న పెళ్ళాం చిలకమ్మ ఆ రోజు నుంచి మరిదితో మాట్లాడడం మానేసింది. దాలయ్య భార్య అంతకు ముందే జ్వరాల్లో పోయింది. అతనూ, వదినా, ఆమె ఇద్దరు ఆడపిల్లలూ ఒకే కప్పు కింద ఉండేవారు. చిలకమ్మ వేళకు అంబలి కాచి గిన్నె అతని ముందు పెట్టేది, పెట్టి అటు తిరిగి కూర్చునేది. ఆ ఇంట్లో ఏడాదిపాటు నేను విన్న మాటలన్నీ పిల్లలవే.

మళ్ళీ చైత్రం వచ్చింది. ఊరిపెద్ద పొట్టన్న వేట జట్టు కట్టాడు. దాలయ్యను పిలవలేదు. దాలయ్యే వెళ్ళి అడిగితే, పొట్టన్న చుట్ట తీయకుండానే చెప్పాడు. “ఆ సెయ్యి మందు పోసిన తుపాకి ఎనకాల నా కొడుకులు నిలబడర్రా.”

దాలయ్య ఇంటికొచ్చి చూరులోంచి తుపాకి దించాడు. జాజిమెట్ట మీదికి ఒంటిగా వెళ్ళి కణుజును కొట్టుకొస్తానని పిల్లలతో చెప్పాడు. కణుజంటే కొమ్ములు చెట్టుకొమ్మల్లా విచ్చుకున్న పెద్ద దుప్పి, ఎద్దంత ఉంటుంది. జాజిమెట్ట ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తు. జట్టుగా వెళ్ళేవాళ్ళు కూడా అంత పైకి పోరు. అతనికి మాంసం మీద ఆశ లేదు. తన చెయ్యి మంచిదేనని ఊరి చేత అనిపించుకోవాలి, వదిన చెవిన పడేలా అనిపించుకోవాలి. అది తప్ప అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

పదిహేను రోజులు సిద్ధమయ్యాడు. అంతటి శ్రద్ధ పెళ్ళికి కూడా పెట్టి ఉండడు. మొదట కావడిలో రాళ్ళు నింపుకొని రోజూ సగం కొండ ఎక్కి దిగాడు. కణుజు పడితే మోయడానికి రెండో భుజం ఉండదు కదా. మొదటి మూడు రోజులు దగ్గి దగ్గి బండమీద కూలబడ్డాడు. రాళ్ళ బరువు అలాంటిది, ముప్పై ఎనిమిదేళ్ళ ఊపిరి దానికి లొంగడానికి వారం పట్టింది. అడ్డతీగ నారతో తాళ్ళు పేనాడు. మాంసం ముక్కలు చేసి చెట్టుకు వేలాడదీసి మూడు విడతల్లో దించాలని లెక్క వేసుకున్నాడు. గాలి ఎటు వీస్తోందో చూసేందుకు చిన్న సంచిలో బూడిద కట్టాడు. ఒంటి వాసన తెలియకుండా పాత గుడ్డలను పొగబెట్టాడు. చోడిపిండి, అదే రాగిపిండి, ఉప్పు, ఎండు ఆనపబుర్రలో నీళ్ళు. నా చెక్కబిళ్ళ ఊడదీసి, కొత్తది చెక్కి, చుట్టూ తేనెమైనం పూశాడు. అప్పుడు నా సందు అతని కంట పడింది. చాలాసేపు వేలితో ఆ సందును తడిమాడు. తప్పు ఎక్కడ జరిగిందో అతనికి అర్థమైంది. అయినా వెళ్ళి ఎవరికీ చెప్పలేదు. చెప్పినా సాకు అంటారు.

మందు కూరే కర్ర పాతది ఎలుగు దెబ్బకు విరిగిపోయింది. వెదురు చీల్చి కొత్తది నున్నగా చేశాడు. పాత కర్రకు ఒక గాటు ఉండేది. గొట్టంలోకి దించినప్పుడు ఆ గాటు ఎక్కడ ఆగుతుందో చూసి లోపల మందు ఉందో లేదో చెప్పేయవచ్చు. కొత్తదానికి ఆ గాటు పెట్టడం మరిచిపోయాడు. నూరు పనులు సరిగా చేసి నూటొకటో పని దగ్గర జారిపడడం మనుషులకు మామూలే. అయినా ఆ గాటు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

బయలుదేరే రోజు పొద్దున కొండదేవతకు కోడిని కోసే ముందు స్నానానికి ఊరి పక్క వాగు, గెడ్డకు వెళ్ళాడు. చిలకమ్మ లోపలి నుంచి వచ్చింది. పిల్లలు పశువుల దగ్గర ఉన్నారు. ఆమె వాకిట్లోకి ఒకసారి చూసి, గోడకు ఆనించిన తుపాకి అందుకుంది. ఆడవాళ్ళు ముట్టకూడదని కట్టు ఉన్న తుపాకి. నన్ను విప్పి, వెదురు కొలతలోకి మందు వంచి గొట్టంలో పోసింది. ఒక్క గింజ కూడా కింద పడలేదు. చేను కాపలా రాత్రుల్లో దాలయ్య ఇంట్లోనే మందు పోస్తుంటే పదిహేనేళ్ళు మూల నుంచి చూసిన చెయ్యి మరి. మందు మీద కుక్కే పీచు కనపడక తన నీలం చీర కొంగు చివర చింపి కుక్కింది, సీసపు గుండు వేసింది, మళ్ళీ గుడ్డ, మళ్ళీ కర్ర. కూరుతూ కొండవైపు తిరిగి గొణిగింది. “ఆడు ఒంటిగాడు కాడు తల్లీ. మందు పోసే సెయ్యి నాది. ఆణ్ణి ఉంచేసుకోకు.”

అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఏడాదిగా మాట్లాడనిది కోపంతో కాదని. కోపం ఎప్పుడో పోయింది. మొదటి మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉండిపోయింది. తుపాకిని మళ్ళీ గోడకు ఆనించింది. దాలయ్య తడి జుట్టుతో తిరిగివచ్చాడు. ఆమె నోరు తెరిచింది. నేను ఎదురుచూశాను. ఆమె నోరు మూసుకుని, అంబలి గిన్నె అతని ముందు పెట్టి అటు తిరిగింది. దాలయ్య తాగేసి, నన్ను నడుముకు కట్టుకొని, తుపాకి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నిండిన తుపాకితో కొండెక్కడం అతని పద్ధతి కాదు. పైకి చేరాకే పోస్తాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు; ఇంట్లో పోయకుండా వెళ్ళాడంటే నిండి ఉందని చూసుకున్నాడనే అనుకుంది.

ఆ రోజంతా ఎక్కాడు. మర్నాడు తెల్లవారేసరికి జాజిమెట్ట నెత్తిమీద ఒక బండ చాటున ఉన్నాం. నాలుగు బారల అవతల ఏముందో కనిపించనంత మంచు. చలికి అతని వేళ్ళు కొయ్యబారాయి. దిగువన కణుజు ఒకసారి గట్టిగా అరిచింది. దాలయ్య బూడిద ఎగరేసి చూశాడు, గాలి అనుకూలంగానే ఉంది. నన్ను విప్పి కొలత నింపాడు. అప్పుడు ఆగాడు. నన్ను అరచేతిలో పెట్టి బరువు చూశాడు, చెవి దగ్గర ఆడించాడు. నిండా నింపిన కొమ్ము వెలితిగా ఎందుకుందని అతనికి అనుమానం వచ్చింది. గొట్టంలోకి కర్ర దించి చూడు, ఎంత పైన ఆగుతుందో చూడు అని నేను లోలోపల అరిచాను. కణుజు మళ్ళీ అరిచింది, ఈసారి దగ్గరగా. దాలయ్య మందు పోసేశాడు.

మంచులోంచి కణుజు నడిచివచ్చింది. అంత పెద్దదాన్ని నేను కూడా చూడలేదు. అతను ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు.

గొట్టం మొదట్లోనే చీలింది. కణుజు ఒక్క గంతులో మాయమైంది. దాలయ్య ఎడమచెయ్యి మణికట్టు దాకా లేదు. కన్ను ఒకటి పోయింది, పక్కటెముకల్లో ఇనుము దిగింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత కుడిచేత్తో, పళ్ళతో, మాంసం కట్టడానికి తెచ్చుకున్న అడ్డనార తాడుతో మోచేతిని బిగించుకున్నాడు. చుట్టూ పడిన ఇనుప ముక్కలను వెతికి వెతికి చూశాడు. ఒక ముక్కకు సగం కాలిన గుడ్డపేలిక అంటుకుని ఉంది. నీలం రంగుది. దాన్ని మిగిలిన కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. కాసేపటికి మడమతో గొయ్యి తవ్వి, పేలికను అందులో పడేసి, పైన రాయి దొర్లించాడు. ఆ తర్వాతే దిగడం మొదలుపెట్టాడు.

ఊళ్ళోకి వచ్చే దారి మొదట్లో ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో నవ్వుతూ నిలబడ్డారు. ఉత్త చేతులతో ఎవడో దిగుతున్నాడని దూరం నుంచే కేకలు మొదలుపెట్టారు. దగ్గరికొచ్చాక కుండలు ఒక్కొక్కటే నేలకు దించేశారు. చిలకమ్మ వాళ్ళను తోసుకుంటూ వచ్చింది. పొట్టన్న వచ్చాడు. ఏం జరిగిందని అడిగాడు.

“నానే రెండుసార్లు పోసేసినాను,” అన్నాడు దాలయ్య. “నువ్వు సెప్పింది నిజిమే. ఈ సెయ్యి మంచిది కాదు.”

పొట్టన్న తల పంకించాడు. అందరూ తల పంకించారు. ఏ మాట కోసం అతను కొండెక్కాడో ఆ మాటను తన నోటితోనే పాతిపెట్టాడు. డోలీ కట్టడానికి మగవాళ్ళు వెదుళ్ళకోసం పరుగెత్తారు. చిలకమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుంది. “నాను...” అంది. ఏడాది తర్వాత అతనితో ఆమె అన్న మొదటి మాట అది.

“నోరిప్పకొదినా,” అన్నాడతను. “మొగుడి పగ తీర్సుకుందంటారు. పిల్లల్తో కూడా ఊరు దాటించేత్తారు. ఏడాది మూసుకున్నావు గదా, ఇంకా మూసుకో.”

రోడ్డు చేరకముందే, డోలీలోనే పోయాడు.

నన్ను ఆమె చూరులో పెట్టింది. ముప్పై ఏళ్ళు అక్కడే ఉన్నాను. పిల్లలు పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు. ఒకరోజు మ్యూజియం నుంచి కళ్ళజోడు ఉద్యోగి ఒకాయన పాత సామాన్లు అడుగుతూ వచ్చాడు. ఊరు ఊరంతా వాకిట్లో చేరింది. ఇది ఎవరిదని ఆయన అడిగితే, కర్ర పట్టుకు కూర్చున్న ముసలి పొట్టన్న, పాపిష్టి చెయ్యివాడిదని, అన్నను చంపి, తనూ చచ్చాడని చెప్పాడు. చిలకమ్మ అప్పుడు లేచి నిలబడింది. మొదటి కొలత తనే పోశానంది. ఎందుకు పోసిందో, పేలిక ఎక్కడ చింపిందో, ఒంటిగాడు కాకూడదని దేవతతో ఏం చెప్పుకుందో, అంతా ఏడవకుండా చెప్పింది. ఉద్యోగి ఓపిగ్గా విని, కాగితం మీద కొమ్ము పొడవు పద్నాలుగు అంగుళాలని రాసుకున్నాడు.

పొట్టన్న కర్ర ఊతంగా లేచి ఆమె ముందుకొచ్చాడు. “ఈ మాట అప్పుడే ఎందుకు సెప్పనేదే?” అన్నాడు.

“ఆడే వొద్దన్నాడు,” అంది చిలకమ్మ.