మంచినీళ్లు మిగిల్చి కట్టిన బడి

ఓర్వకల్లు దగ్గరి ఒక పల్లెలో, క్రిస్మస్ ముందు, వరమ్మ బడి కప్పుకు లోపలివైపు సున్నం కొడుతోంది. ఆ కప్పు మీద ఏటేటా గోధుమరంగు మరకలు తేలేవి. ఏటేటా ఆమె వాటిమీద సున్నం కొట్టేది. వానే సరిగ్గా పడని ఊళ్లో కప్పుకు మరకలు ఎక్కడివని ఒక్కరైనా అడిగారా? లేదు. తెల్లగా కనబడితే చాలు మనకు!

ఆ బడి కట్టించింది వరమ్మ కొడుకు జ్ఞానరాజే. బొమ్మలు గీయడంలో అతనిది గొప్ప చెయ్యి. ఆర్కిటెక్టు కావాలని చిన్ననాటి ఆశ. కర్నూలు కాలేజీలో చేరాడు గాని రసాయనశాస్త్రం క్లాసుకు మాత్రం ఎగనామం పెట్టేవాడు.

“ఇండ్లు గీసేవానికి ఆ కంపు సీసాలతో ఏం పని సార్?” అని లెక్చరరు దేవేంద్రప్ప ముఖంమీదే అన్నాడొకసారి.

“గీసేది కాగితమ్మీద. కట్టేది సిమెంటుతో, ఇనుముతో, నీళ్లతో కదప్పా!” అన్నాడాయన.

జ్ఞానరాజు నవ్వేశాడు. పరీక్ష తప్పి చదువు మానేశాడు. కర్నూలు అప్పుడే ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఎక్కడ చూసినా కట్టుబడే! ప్లాన్లు గీసేవాడికి గిరాకీకేం తక్కువ? ఊరంతా అతన్ని ఇంజనీరనే పిలిచింది, బడి పనీ అతనికే అప్పగించింది.

ఇనుప కడ్డీలు పరిచి సిమెంటుతో పోసిన కప్పు ఆ పల్లెకు అదే మొదటిది. అది కరువు ఏడాది. ఆడవాళ్లు కొండ అవతలి చెలమ దగ్గర పడిగాపులు కాసి, ఊరిన నీళ్లు తోడుకొనేవాళ్లు. ఆ నీళ్లే బడి పనికీ మోస్తుంటే చూసి జ్ఞానరాజు వాళ్లకు అడ్డం వెళ్లాడు.

“మంచినీళ్లు సిమెంటులో పోస్తారా? తాగండమ్మా! ఈడ పక్కనే ఉప్పునీళ్ల బావి ఉండాది. గోడ ఏమన్నా రుచి చూస్తుందా?”

“సల్లగుండు నాయనా!” అని అందరూ దీవించారు. వరమ్మ పొంగిపోయింది.

చదువరులారా, అతని మనసులో కల్మషం లేదు. జాలి ఉంది. తెలియనితనమూ ఉంది.

ఏళ్లు గడిచాయి. మొదట చెప్పిన ఆ క్రిస్మస్ ముందు రోజుల్లోనే, “సున్నం నిలబడ్ల్యా రాజా, పెచ్చులు ఊడిపోతాండాయి” అని వరమ్మ లోపలినుంచి కేకేసింది.

“ఇంకో పూత వెయ్యమ్మా!” అన్నాడు బయటనుంచి కొడుకు.

ఆ మాట పూర్తికాకముందే కప్పు కూలింది. సెలవులు గనుక పిల్లలు బతికిపోయారు. వరమ్మ బతకలేదు.

పరామర్శకు వచ్చిన దేవేంద్రప్ప శిథిలాల్లోంచి ఒక కడ్డీ తీశాడు. అది చేతిలోనే పొడిపొడిగా రాలింది.

“సిమెంటు ఉప్పునీళ్లతో కలిపితిరా?” అన్నాడు మెల్లగా. “ఉప్పు లోపల ఇనుముకు తుప్పు పట్టిస్తుందప్పా. తుప్పు ఉబ్బి సిమెంటును పగలగొడుతుంది. ఈ పెచ్చుల మీది మరకలు తుప్పువే.”

“ఈ పాఠం ఎప్పుడు చెప్పినారు సార్?”

“మీ క్లాసుకే చెప్పినా. ఆ దినం నువ్వు రాలేదు.”

జ్ఞానరాజు నేలమీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. విషయం విన్న సుంకమ్మ, వరమ్మతో కలిసి నీళ్లు మోసిన మనిషి, అతని తల నిమిరింది. ఆమెకూ దుఃఖం ఆగలేదు.

“ఆ పొద్దే తెలిసింటే మంచినీళ్లే మేము మోసేవాళ్లం కాదా నాయనా? అందరికన్నా ముందు మీయమ్మే మోసేది.”

ఆ మాట అతన్ని జీవితాంతం వదల్లేదు.

మరుసటేడు జ్ఞానరాజు తనకన్నా ఎంతో చిన్నవాళ్ల మధ్య, మళ్లీ రసాయనశాస్త్రం క్లాసులో కూర్చున్నాడు. పక్కనున్న విద్యార్థి, తానూ ఆర్కిటెక్టు కావాలనుకునేవాడే, విసుక్కున్నాడు.

“బొమ్మలు గీసుకునేవాళ్లకు ఇదంతా ఎందుకన్నా?”

జ్ఞానరాజు అతని వైపు తిరిగాడు.

“మా అమ్మ నేను గీసిన కప్పు కిందే పోయింది తమ్ముడా. శానా అందమైన కప్పు. దేంట్లో ఏది కలిస్తే ఏమవుతుందో తెలియనివాడు నలుగురు తలదాచుకునే కప్పు కట్టకూడదు. ముందు ఇది నేర్చుకో, బొమ్మ తరువాత గీద్దువు.”