ఏడో గిలాస

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు."

ఆరో గిలాస బియ్యం గిన్నెలో పోసి పద్మారాణి చేతులు దులుపుకుంది. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి. అది వాళ్లమ్మ ఇంద్రమ్మ నుంచి వచ్చిన అలవాటు. ఇద్దరికి గిలాస చొప్పున పన్నెండు మందికి ఆరు. పాత కంప్యూటర్ల క్లబ్బులో ఉన్నది పన్నెండు మందే, ఆమె భర్త అమర్‌నాథ్‌తో కలిపి. నెలకో ఆదివారం, ఒకసారి వికారాబాదులో, ఒకసారి తాండూరులో కలవాలని మొదట్లో అనుకున్నారట. పద్మారాణి చేతి పచ్చిపులుసు నాలుక్కి తగిలిన నాటి నుంచి క్లబ్బు వికారాబాదు దారి మరిచిపోయింది.

ముందుగదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. నలభై ఏళ్ల కిందటి యంత్రాలను పసిపిల్లల్లా తువ్వాళ్లలో చుట్టుకుని వస్తారు వాళ్లు. ఒకాయన మీటలు ఊడదీసి కడుగుతాడు, ఇంకొకాయన టంకం పెడతాడు, మరొకరు పాత క్యాసెట్ల మీది ప్రోగ్రాములు పోకుండా నకలు తీస్తారు. బషీరాబాదు నుంచి వచ్చే ఆయనైతే, తన తెల్ల కంప్యూటరు పసుప్పచ్చగా అయిపోయిందని పోయినసారి కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. పద్మారాణికి వాళ్ల మీద కోపం లేదు. నిజం చెప్పాలంటే అసూయ. టంకం వాసన వంటింటి గుమ్మం దాటి వచ్చినప్పుడల్లా ఆమె చేతిలో గరిటె ఆగిపోతుంది.

ఆ వాసన వాళ్ల నాయినది. వికారాబాదు స్టేషన్ దారిలో రేడియోలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది ఆయనకు. ఎనభై ఎనిమిదిలో ఎవరో ఒకాయన రబ్బరు మీటల స్పెక్ట్రమ్ కంప్యూటరును రిపేరుకిచ్చి, బదిలీ మీద వెళ్లిపోయి, మళ్లీ రాలేదు. పదిహేడేళ్ల పద్మారాణి కాలేజీ నుంచి వచ్చి, దుకాణంలో స్టూలు మీద కూర్చుని, దాన్ని పాత టీవీకి తగిలించి, పుస్తకం ముందేసుకుని ఒక్కో మీటా నేర్చుకుంది. ప్రోగ్రాములో వరుసలకు పది, ఇరవై, ముప్పై అనే ఎందుకు నంబర్లు వేయాలని అడిగితే నాయిన చేతిలో పని ఆపి చెప్పాడు. "నడుమల జాగ ఉండాలె బిడ్డా. ఎన్కకెప్పుడన్నా ఏమన్నా యాదికొస్తే ఏడ రాస్తవ్?" అంత సంతోషంగా ఉన్న ఏడాది ఆమెకు మళ్లీ రాలేదు. అప్పట్లో అమ్మ ఇంట్లోనే కాలేజీ పిల్లలకు భోజనాలు పెట్టేది, రోజూ ఎంతమందొస్తారో తెలియక పరేషాన్ అయ్యేది. ఆమె కోసం పద్మారాణి ఒక ప్రోగ్రాము రాసింది. ఎంతమంది అని అది అడుగుతుంది, మనం చెబితే ఎన్ని గిలాసలు పోయాలో లాభం నుంచి మొదలుపెట్టి లెక్కిస్తుంది. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి టీవీ ముందు నిలబడి చూసింది. "మంచిగనే చెప్తున్నది గని, వండేదాన్ని లెక్కల పెట్టనే లేదు గదనే," అని నవ్వింది. పద్మారాణీ నవ్వింది. తర్వాత దిద్దుదాంలే అనుకుంది. తర్వాత పెళ్లయింది.

కంప్యూటరు కూడా ఆమెతో పాటే తాండూరు వచ్చింది. అత్తగారు అనసూయమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గీ డబ్బా ఏం జేస్తదే? కందులు ఇసురుతదా?" అంది. అమర్‌నాథ్ పడీ పడీ నవ్వాడు. డబ్బా అటకెక్కింది, ప్రోగ్రాము ఎక్కించిన క్యాసెట్టు కుట్టుమిషను సొరుగులో దాక్కుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో పద్మారాణి విన్న మాటలన్నీ నింపాలంటే క్యాసెట్టు రెండు వైపులా చాలవు. అందరికీ వడ్డించి, పద్మారాణి గిన్నె అడుగు గీరుకుంటున్నప్పుడల్లా అత్తగారు అనేది, "వండినోళ్లకు వాసనకే సగం కడుపు నిండుతది." ఆ ముసలావిడ కూడా బతుకంతా అలా గీరుకునే తిన్నదని పద్మారాణికి చాలా ఆలస్యంగా తెలిసింది. ఇన్నేళ్లకు పాత కంప్యూటర్లకు గిరాకీ వచ్చిందని తాను పనిచేసే బండల పాలిష్ యూనిట్‌లో ఎవరో చెప్పారని, అమర్‌నాథ్ డబ్బాను అటక దించి అద్దాల బీరువాలో పెట్టి 'నా కంప్యూటర్' అన్నాడు. దాని మీద దుమ్ము తుడవడం మాత్రం పద్మారాణి వంతే.

ఈసారి క్లబ్బువాళ్లు ఒక ముచ్చట పెట్టుకున్నారు. ఆ రోజుల్లో మన దిక్కువాళ్లు రాసిన ప్రోగ్రాము ఏదైనా ఉంటే తెచ్చి నడిపి చూపాలి. నిన్న సాయంత్రం సొరుగులో క్యాసెట్టు చూసి అమర్‌నాథ్ ముఖం వెలిగిపోయింది. "ఇంక ఉన్నదా ఇది? రేపు చూపెడదాం," అన్నాడు. 'చూపెడదాం' అన్న ఆ మాటలో తానూ ఉన్నాననుకుని పద్మారాణి ఇవాళ పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుంది.

చాయ్ పళ్లెం పట్టుకుని ముందుగదిలోకి వెళ్లేసరికి అమర్‌నాథ్ క్యాసెట్టు ఎత్తి అందరికీ చూపిస్తున్నాడు.

"ముప్పై అయిదేండ్ల మీది ముచ్చట. అప్పట్ల మేము రాసింది."

"మేమంటే ఎవరెవరు సార్?" అంది నిరోషా. పెద్దేముల్ అమ్మాయి, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. పోయిన నెలే చేరింది, క్లబ్బులో ఆమె ఒక్కతే ఆడపిల్ల.

"మేమంటే... నేనే అనుకో."

పద్మారాణి పళ్లెం బల్ల మీద పెట్టింది. కప్పులు గలగలమన్నాయి, ఎవరూ తల తిప్పలేదు. నిన్నటి 'చూపెడదాం'లో ఉన్నాననుకున్న మనిషి ఇవాళ్టి 'మేము'లో కూడా లేదు. ఇస్త్రీ చీర కట్టుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది.

పోయిన నెల ఆ కంప్యూటరును బాగుచేసిన రాజేందర్, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో రిటైరైనాయన, కుర్చీ వెనక్కి జరిపాడు. "మీరు రాసిన్రు గద సాబ్, మీరే నడిపియ్యిండ్రి."

అమర్‌నాథ్ కూర్చుని 'లోడ్' అని కొట్టడానికి ఎల్ నొక్కాడు. తెర మీద 'లెట్' అని పడింది. చెరిపి మళ్లీ నొక్కాడు. మళ్లీ లెట్.

"మీటలు ఖరాబైనట్టున్నయ్," అన్నాడు.

రాజేందర్ మీసాల చాటున నవ్వుకున్నాడు. ఆ యంత్రంలో లోడ్ అనే మాటను అక్షరం అక్షరం కొట్టరు. జె నొక్కితే మాట మొత్తం పడుతుంది. నడిపినవాళ్ల వేళ్లకు అది తెలుసు.

"జె నొక్కుండ్రి," అంది పద్మారాణి, వంటింటి వైపు నడుస్తూనే.

అమర్‌నాథ్ నొక్కాడు, లోడ్ పడింది. నిరోషా చెబుతుంటే మిగతావి కూడా నొక్కాడు. పక్కనున్న టేపురికార్డరులో టేపు తిరిగింది. కీచుమని కూత మొదలైంది, ఆ కూత వినగానే పద్మారాణి కాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. కాసేపటికి ఎర్రర్ వచ్చింది. రెండోసారి కూడా ఎర్రరే. కూత మందంగా ఉంది, జలుబు చేసిన గొంతులా. టేపును చదివే హెడ్డు పక్కకు ఒరిగిందని ఆమె చెవికి తెలిసింది. ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే. అది నలిగితే, ప్రోగ్రాము పోవడం ఒక్కటే కాదు, ఆ దుకాణంలో స్టూలు మీద కూర్చున్న పిల్ల ఒకతి ఉండేదని చెప్పడానికి లోకంలో ఏమీ మిగలదు.

కుట్టుమిషను సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తెచ్చింది. "జర జరుగుండ్రి."

"నీకెందుకే ఇది? పోయి అన్నం చూడు," అన్నాడు అమర్‌నాథ్.

ఆమె పోలేదు. టేపు నడుస్తుండగానే హెడ్డు పక్కనున్న సన్నని స్క్రూను కొద్దిగా తిప్పింది. కూత పదునెక్కింది. ఇంకొంచెం తిప్పి, టేపును మొదటికి తెచ్చి, మళ్లీ ఆడించింది. తెర అంచున నీలం, పసుపు చారలు పరుగెత్తుతుంటే ఆమె కళ్లు తడిశాయి, తుడుచుకోలేదు.

ప్రోగ్రాము ఎక్కింది. నిలబడే, దాన్ని నడిపే ఆర్ నొక్కింది. ఇంగ్లీషు అక్షరాల్లో 'ఎంతమంది?' అని పడింది.

"పన్నెండు," అంది నిరోషా. పద్మారాణి కొట్టింది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.

"అరే, లాభం అంటున్నది!" బషీరాబాదు ఆయన చప్పట్లు కొట్టాడు.

"ఇది రాసింది మీరే గదా ఆంటీ?" అంది నిరోషా.

"అవ్, నేనే రాసిన."

"అదే గద, మా ఇంట్ల రాసిందే," అన్నాడు అమర్‌నాథ్.

"మీ ఇంట్ల కాదు. మా నాయిన దుకాణంల."

గట్టిగా అనలేదు. అయినా అమర్‌నాథ్ కుర్చీలోంచి లేచాడు, ఎందుకు లేచాడో ఆయనకే తెలిసినట్టు లేదు. కుర్చీ ఖాళీ అయింది కదా అని పద్మారాణి కూర్చుంది.

"ఇందుల ఒక తప్పున్నది," అంది.

వరుసలన్నీ తెర మీదికి తెచ్చింది. పది, ఇరవై, ముప్పై. మధ్యలో నాయిన వదలమన్న జాగ అలాగే ఉంది. ఇరవై అయిదు అని కొట్టి ఎల్ నొక్కింది. లెట్ అని పడింది, ఈసారి కావలసింది అదే. మనుషుల లెక్కకు ఒకటి కలిపింది. మళ్లీ ఆర్ నొక్కి, ఎంతమంది అంటే పన్నెండే చెప్పింది.

లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు.

"పన్నెండు మందికి ఏడెట్ల అయితయమ్మా?" అన్నాడు రాజేందర్.

"వండేదాన్ని లెక్కల వేసిన."

నిరోషా కుర్చీ లాక్కుని ఆమె పక్కకు వచ్చి కూర్చుంది. అమర్‌నాథ్ గొంతు సవరించుకున్నాడు. "సరె, సరె. మరి అన్నం సంగతేంది?"

పద్మారాణి క్లబ్బువాళ్ల పెట్టెలోంచి ఒక ఖాళీ క్యాసెట్టు తీసుకుంది.

"గిన్నెల ఆరు గిలాసలు పోసిన. ఏడోది మీరు పోసి, పొయ్యి మీద పెట్టుండ్రి. నేను దీనికి నకలు తీస్తున్న."