వెనక్కి తిప్పిన గంట

కొండమీద నీటి కొలతల గదిలో కూర్చునే ముసలి మిలూద్‌కీ, ఇరవై కిలోమీటర్ల దిగువన కసర్ జిదీద్ అనే ఊరి మసీదు మిద్దె మీదున్న సైరన్‌కీ మాట కలిపింది ఇంజనీరు తౌరియా. పైన ఒక రౌటర్, కింద ఒక రౌటర్. వాగు ఎర్రగీత దాటగానే మిలూద్ మీట నొక్కితే, హెచ్చరిక వెళ్ళి కింది రౌటర్లో సందేశాలు వరుసకట్టే క్యూలో పడాలి. పడగానే సైరన్ దానంతటదే మోగాలి. ఎక్కడో ఉన్న ఆ క్యూని పై రౌటర్‌కి గుర్తుపట్టించడానికీ, కొండల్లో తెగిపోయే లైను మళ్ళీ కలిసేదాకా హెచ్చరిక ఆగి ఉండేలా చెయ్యడానికీ ఆమెకి మూడు వారాలు పట్టింది, తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్కో హెచ్చరికకీ అరగంట ఆయుష్షు పెట్టింది. వరద వెళ్ళిపోయాక సైరన్ మోగితే జనం ఇంకోసారి నమ్మరు కదా! అది తెలివైన పనేనని ఇప్పటికీ అంటుంది.

రంజాన్ ముందు ఆదివారం, ఏటా ఉపవాసాల నెలకి చేసినట్టే, దేశమంతా గడియారం గంట వెనక్కి జరుపుకుంది. కంప్యూటర్లు వాటంతటవే జరుపుకున్నాయి. కొండమీద మిలూద్ హెచ్చరికలు పంపే పాత యంత్రం మాత్రం మొండికేసింది. మొదటి ఉపవాసం రోజున మెక్నెస్ పట్నంలో తన ఇంట్లో తౌరియా పొయ్యి మీద నువ్వులు వేయిస్తుంటే ఫోన్ మోగింది.

"తల్లీ, నీ డబ్బా నన్ను గంట ముందే ఉపవాసం విడవమంటోంది. ఆ పాపం నాకా, దానికా?" అన్నాడు మిలూద్.

దేశం కాలం మారిందని యంత్రానికి పద్ధతిగా చెప్పించాలంటే, ఆ ముసలాయనతో అరగంట ఫోన్లో కుస్తీ పట్టాలి. నువ్వులేమో మాడుతున్నాయి. "తెర మూలనున్న గడియారం నొక్కి నువ్వే ఒక గంట వెనక్కి తిప్పెయ్ బాబాయ్, సరిపోతుంది" అంది. ఆయన తిప్పేశాడు. అల్లా నీకు మేలు చేస్తాడని దీవించాడు కూడా.

తెర మీద వేళ సరిపోయింది. లోపల మాత్రం, ఏ దేశంలోనైనా మారకూడని యంత్రం అసలు కాలమే గంట వెనకపడిపోయింది. ఆరోజు నుంచీ అది రాసే ఏ హెచ్చరికైనా, కింది రౌటర్ లెక్కలో గంట కిందట రాసినది, అరగంట కిందటే ఆయుష్షు తీరినది. కాలం చెల్లినవాటిని కింది రౌటర్ చప్పుడు చెయ్యకుండా పారేస్తుంది. అలా పారెయ్యమని దానికి చెప్పిందీ తౌరియానే.

మామూలు రోజుల్లోనైతే, మిలూద్ మీట నొక్కి సైరన్ మోగించి చూసే శుక్రవారం పరీక్షలో బయటపడేది. కానీ ఆ నెలంతా సూర్యాస్తమయానికి ఉపవాసం విడిచే వేళ చెప్పేది కూడా ఆ సైరనే. దాన్ని మసీదులో చేత్తో మోగిస్తారు. నడిమధ్యాహ్నం మోగితే ఎవరైనా పొరపాటున ఖర్జూరం నోట్లో వేసుకుంటారని, పరీక్షలు పండగ దాకా ఆపేశారు.

తొమ్మిదోనాడు పై కొండల్లో కుండపోత. సూర్యుడు దిగుతుండగా వాగు ఎర్రగీత దాటింది. మిలూద్ నాలుగుసార్లు మీట నొక్కాడు. నాలుగుసార్లూ తెర మీద 'పంపబడింది' అని వచ్చింది. కింద ఎప్పటి వేళకి ఎప్పటిలాగే సైరన్ మోగింది. ఊరంతా విన్నారు. వాగు ఒడ్డున ఒంటరిగా ఉండే ఇత్తో కూడా విని ఉంటుంది, గిన్నెలోకి హరీరా సూపు వంచుకుని ఉంటుంది. కాసేపటికి నీళ్ళొచ్చాయి. మిగతా ఇళ్ళన్నీ మెరక మీదున్నాయి. పోయింది ఆ ఒక్క ఇల్లే, ఆ ఒక్క మనిషే. ఇత్తో మిలూద్‌కి సొంత చెల్లెలు.

హెచ్చరిక వెళ్ళింది, సైరన్ మోగింది, మృతురాలు కదల్లేదు అని తౌరియా పనిచేసే కంపెనీ నివేదిక రాసుకుంది. మిలూద్ అదే నమ్మాడు. పరామర్శకి తౌరియా ఫోన్ చేస్తే, చిన్నప్పట్నుంచీ అది మొండిఘటం, అన్న మాట ఏనాడు విన్నది గనక అని తిట్టిపోశాడు. సమాధి దగ్గర ఫాతిహా ప్రార్థన కూడా చదవనన్నాడు.

పండగ వెళ్ళాక పరీక్షలు మళ్ళీ మొదలుపెట్టబోతూ తౌరియా కింది రౌటర్ చిట్టా తెరిచింది. ఆ సాయంత్రం వేళకి నాలుగు వరుసలు. నాలుగింటి పక్కనా ఒకటే మాట: కాలం చెల్లింది, పారేశాం. మాడిన నువ్వుల వాసనా, ఆరోజు ఫోన్లో తను చెప్పిన మాటా గుర్తొచ్చాయి.

ఆమె చిట్టా చూపిస్తే మేనేజర్ తాహిరీ తలుపు మూసి మరీ మాట్లాడాడు. ఊరంతా సైరన్ విన్నామంటున్నారు, నువ్వెందుకు కెలకడం అన్నాడు. పైగా గడియారం తిప్పిన చెయ్యి ఆ ముసలాడిది, నువ్వు నోరు తెరిస్తే ముందు వాడి ఉద్యోగం ఊడుతుంది అన్నాడు. తౌరియాకి ఒళ్ళు మండింది. చెప్పకపోతే చచ్చిపోయినావిడ మీద నింద, చెబితే బతికున్నాయన మీద. ఒక రాత్రంతా ఆలోచించి, తిప్పమన్నది నేనే, తప్పు నాదే అని సంతకం పెట్టి నివేదిక ఇచ్చేసింది. ఇత్తో పోయి నలభయ్యో రోజున కొండెక్కింది.

మిలూద్ టీ పోశాడు. ఆమె మొదట్నుంచీ చెప్పింది. ఆయన గ్లాసు ముట్టుకోలేదు.

"అయితే ఇత్తో విన్నది ఇఫ్తార్ సైరనన్నమాట."

"అవును బాబాయ్. నువ్వు పంపింది అసలు మోగనే లేదు."

"నాలుగుసార్లు నొక్కాను."

"నాలుగూ చేరాయి. చేరినవాటిని నా రౌటరే పారేసింది. గడియారం తిప్పమన్నదీ నేనే. నువ్వు నేను చెప్పినట్టు చేశావు, అంతే. కాగితం మీద కూడా అలాగే రాసిచ్చాను."

ఆయన తన కుడిచేతి వేలు కాసేపు చూసుకున్నాడు. తర్వాత లేచి జెల్లాబా అంగీ తొడుక్కుని చేతికర్ర తీసుకున్నాడు. ఎక్కడికని అడిగితే, నలభయ్యో రోజు కదా, చెల్లెలి సమాధి దగ్గరికి అన్నాడు. ఇరవై కిలోమీటర్లు, కారెక్కమని బతిమాలింది. ఒద్దు, నడిచే వెళ్తానన్నాడు. గుమ్మం దగ్గర ఆయన ఆగితే, ఆమె తల వంచుకుని నిలబడింది. తిడితే బాగుండునని ఆమె మనసులో ఉంది.

"నిన్ను తిట్టను తల్లీ" అన్నాడు మిలూద్. "ఉన్న తిట్లన్నీ దానికే పెట్టేశాను."