ఆడకుండా గెలిచిన జట్టు

నేను ఒక నల్లబల్లను. బడిలో అఆలు మోసే బల్లను అనుకునేరు, ఆ రకం కాదు. ఫుట్‌బాల్ మైదానం గేటు పక్కన నిలబడి, ఏ కాలేజీ ఎన్నో ర్యాంకులో ఉందో ఊరందరికీ చెప్పిన బల్లను. ముప్పయ్యేళ్లు ఎండకు ఎండాను, వానకు నానాను. నా మీద రాసినదాంట్లో సగానికి సగం అబద్ధం. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు నాకేం మొహమాటం లేదు. పెవిలియన్ వెనక సామాన్ల గదిలో, చిరిగిన నెట్ల పక్కన, నా మొహం గోడకు తిప్పి పెట్టారు. ర్యాంకులు ఇప్పుడు ఫ్లెక్సీ మీద అచ్చేస్తున్నారట. వేసుకోనీ.

మాది రాయలసీమలో ఒక రైల్వే జంక్షన్. పాతబడి షెడ్డులో పడేసిన రైలుపెట్టె చెక్కలు తెచ్చి కాళాచారి అనే వడ్రంగి నన్ను చేశాడు. బొగ్గుపొడిలో గుంటగలగరాకు పసరు కలిపి మూడు పూతలు పూశాడు. ఆరాక అరచేత్తో నిమిరి, "అద్దం మాదిరి వచ్చిందప్పా" అని మురిసిపోయాడు. నేనూ మురిశాను. నా మీద నిజాలే రాస్తారని అప్పట్లో నా నమ్మకం.

ప్రతి యేడూ కార్తీకంలో కాలేజీల పోటీలు మొదలయ్యేవి. ఎనిమిది జట్లు. పోటీలకు వారం ముందు ర్యాంకుల కమిటీ కూర్చునేది. ఐదుగురు పెద్దమనుషులు, మధ్యలో దైవాధీనం సారు. ఆయన రిటైరైన రైలు గార్డు, పోటీలకు పెద్ద. ఆటలు చూసి ర్యాంకులిస్తారనుకుంటున్నారేమో! ప్లేటు మిరపకాయ బజ్జీలు ముందు పెట్టుకుని, పోయినేడు రాసిందే చూసి మళ్లీ రాసేవారు. కొత్త బనియన్లు కుట్టించుకున్న జట్టు ఒక మెట్టు పైకి. కమిటీకి నమస్కారం పెట్టని కోచ్ ఉంటే రెండు మెట్లు కిందికి. మొదటి ర్యాంకు వచ్చిన జట్టుకు మాత్రం రాజభోగం, ఏ మ్యాచూ ఆడకుండా నేరుగా ఫైనల్లోకి వచ్చేస్తుంది.

సుద్దముక్క జేబులో పడేసుకుని వాళ్లు అటు పోగానే కుళ్లాయప్ప ఇటు వచ్చేవాడు. గేటుకు ఎదురుగా అతని మోటార్ల రీవైండింగ్ అంగడి. వేళ్లకు గ్రీజు, చేతిలో టీ గ్లాసు. నా ముందు నిలబడి మొదలుపెట్టేవాడు.

"ఇదేం ర్యాంకప్పా! వీళ్లకు మూడంట, మూడు! గోలుపోస్టు యాడుందో కండక్టర్ను అడిగి పోయే రకం వీళ్లు. ఆ గవర్నమెంటు కాలేజీ పిల్లోళ్లు చెప్పుల్లేకుండా ప్రాక్టీసు చేస్తాండారు, వాళ్లను తీస్కపోయి ఏడులో పెడతారా? పైనున్నోళ్లనే మళ్లా మళ్లా పైకెత్తేది!"

మొదట్లో నాకు ఒళ్లు మండేది. రాసింది నేనా? కమిటీ ముందు నోరు పెగలదు గానీ చెక్క ముందు ఎంత ప్రతాపమో! పోనుపోనూ అలవాటైపోయింది. అతను రాని రోజు ఏదో వెలితిగా ఉండేది. ఎందుకంటే అతని తిట్లన్నీ తిరిగి తిరిగి చివరికి ఒక్క గీత దగ్గరే ఆగేవి. మొదటి ర్యాంకు దగ్గర. అక్కడికొచ్చేసరికి గొంతు తగ్గించేవాడు. "వీళ్లకు ఫస్టేందిరా" అని గొణిగి, టీ పూర్తిగా తాగకుండానే వెళ్లిపోయేవాడు.

అక్కడ పద్దెనిమిదేళ్లుగా ఒకే పేరు. సారంగపాణి కాలేజీ. పద్దెనిమిదేళ్లూ వాళ్లే ఛాంపియన్లు. ఊరి లెక్కలో ఆ జట్టులో ఒక్క మనిషి కూడా బతికి లేడు.

ఇదంతా మొదలైన యేడు సారంగపాణి జట్టుకు మొదటిసారి ఫస్టు ర్యాంకు వచ్చింది. ఎలా వచ్చిందో కమిటీకే తెలియాలి. ప్రాక్టీసు మ్యాచుకు పక్క ఊరికి పోతూ జట్టంతా నన్ను చూడ్డానికి వ్యానుతో సహా గేటు దగ్గర ఆగింది. పిల్లలు నా ముందు ఎగిరారు, ఈలలేశారు. వాళ్ల గోల్ కీపర్ మాత్రం పెదవి విరిచాడు. "మనకు ఫస్టేందిరా? పోయినేడు మూడు మ్యాచులు అదృష్టం కొద్దీ గెలిచినాం. నాలుగో ర్యాంకు ఇచ్చినా ఎక్కువే" అన్నాడు. ఆ గోల్ కీపర్ కుళ్లాయప్పే, అప్పటికి ఇరవయ్యేళ్లవాడు. కెప్టెన్ సుభాన్‌కు కోపం నషాళానికంటింది. "టీము మీద నమ్మకం లేనోడు వ్యాను ఎక్కొద్దు. దిగురా!" అన్నాడు. దిగాడు. వ్యాను దుమ్ము రేపుకుంటూ పోయింది.

వంతెన మీద లారీ ఎదురొచ్చిందట. వ్యాను ఎండిపోయిన వంకలో పడింది. పది మందీ పోయారు.

అప్పటికి ఫైనలుకు నాలుగు రోజులుంది. ఆ రోజుకు ఎదుటి జట్టు రానే వచ్చింది, నిబంధన ప్రకారం కప్పు వాళ్లదే. వాళ్ల కెప్టెన్ మాత్రం ఏడుస్తూ, "చచ్చిపోయినోళ్ల మీద గెలిచేదేంది సార్, మేమే ఓడిపోయినాం" అన్నాడు. తమ సగంలో నలభై ఐదు నిమిషాలు కదలకుండా నిలబడి, ఓటమి ఒప్పుకుని వెళ్లిపోయారు. ఊరంతా కళ్లు తుడుచుకుంది. అప్పుడు అది మంచి పనే, నేను కాదనను.

ఆ కాలేజీ మళ్లీ జట్టు కట్టలేదు. అయినా మరుసటి యేడు ఆ పేరు తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. తుడిచినవాడికి చెడ్డపేరు వస్తుందని ఒకరు, దోషమని ఒకరు. ఛాంపియన్లు కదా, ఫస్టు ర్యాంకే అన్నారు. ఫస్టు ర్యాంకు కదా, నేరుగా ఫైనలే అన్నారు. ఫైనల్లో ఎదుటి జట్టు నిలబడింది, ఓడింది. ఆ పై యేడూ అంతే. అది ఆచారమైపోయింది. దాన్ని 'నిలబడేది' అని పిలిచేవారు. దాంతోపాటు చనిపోయిన పిల్లల ఆట కూడా యేటేటా పెరిగింది! సుభాన్ బతికుండగా పోటీల్లో కొట్టినవి మొత్తం రెండు గోల్స్. పదో యేటికి అతను మైదానం మధ్య నుంచే కొట్టేవాడన్నారు. పదిహేనో యేటికి అతని దెబ్బకు నెట్టు చిరిగిందన్నారు. ఈ మనుషులు బతికున్నవాడికి ఇంత ర్యాంకు ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇక ఆ ఖాళీ సగం సంగతి. పట్టపగలు, సాయంత్రం నాలుగింటి ఎండలో, వందలమంది చూస్తుండగా జరిగిన సంగతి చెబుతున్నాను, కల్పించి చెప్పడం నాకు రాదు. నిలబడే వేళకు మైదానంలో మేసే మేకలు ఆ సగం వదిలి గేటువైపు వచ్చేసేవి. మొదటి యేళ్లలో అక్కడ గాలి ఆగిపోయేది, అంతే. తర్వాత తర్వాత బూటు మేకులు నేలను గుచ్చుకునే చప్పుడు వినపడేది. గాలి లేకపోయినా అక్కడొకటి ఇక్కడొకటి చిన్నగా దుమ్ము లేచేది. పది చోట్ల లేచేది. గోలుపోస్టు ముందు మాత్రం ఎప్పుడూ లేవలేదు. జనం అది చూసి చేతులు జోడించేవారు. నాకు మాత్రం భయమేసేది. అవి దండం పెట్టించుకునేవాళ్ల అడుగుల్లా లేవు. బరువుగా, ఈడ్చినట్టు ఉండేవి. బస్సు రాక స్టాండులో నిలబడిపోయినవాళ్లు కాళ్లు మార్చుకుంటారే, అలా.

దీనివల్ల బతికున్నవాళ్లకు జరిగిన అన్యాయం ఎవరికీ పట్టలేదు. ఛాంపియన్ జట్టే జోనల్ పోటీలకు పోవాలి. ఆ పోటీలు ఆడితేనే రైల్వేలో స్పోర్ట్స్ కోటాకు దరఖాస్తు పెట్టుకునే వీలు. పద్దెనిమిదేళ్లుగా మా దగ్గర నుంచి ఒక్కడూ పోలేదు.

పందొమ్మిదో యేడు, ఏడో ర్యాంకు రాసిన గవర్నమెంటు కాలేజీ అందరినీ ఓడించి ఫైనలుకు వచ్చింది. కెప్టెన్ మద్దిలేటి. ఇంటికి పెద్దకొడుకు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆ యేడు తప్పితే అతనికి మళ్లీ అవకాశం లేదు. ఫైనలు ముందురోజు కుళ్లాయప్ప అతన్ని నా దగ్గరే పట్టుకున్నాడు.

"రేపు ఓటమి ఒప్పుకోవద్దు మద్దిలేటీ. ఆడు."

"ఎవరితో ఆడేదన్నా? ఎదురుగా ఎవురూ లేకుండా గోలేస్తే ఊరు నన్ను బతకనిస్తాదా?"

"ఒకడుంటాడులే" అన్నాడు కుళ్లాయప్ప.

మర్నాడు నాలుగింటికి అతను అంగడి మూయకుండానే వచ్చాడు. నిక్కరు, గ్రీజు మరకల బనియను, ఉత్త కాళ్లు. నేరుగా ఖాళీ సగంలోకి నడిచిపోయి గోలుపోస్టు మధ్య నిలబడ్డాడు. జనంలో గగ్గోలు లేచింది. దైవాధీనం సారు పరుగెత్తుకొచ్చాడు.

"కుళ్లాయప్పా, బయటికి రా! ఒక్కనితో టీమెట్లయితాది? రూలు ఒప్పుకోదు."

"ఒక్కడు కూడా లేకుండా పద్దెనిమిదేండ్లు గెలిపించినావు కదా సార్! ఒకడుంటే పనికిరాదా? నేను సారంగపాణి గోల్ కీపర్ను. వ్యాను దిగినోన్ని, టీములోంచి దిగలేదు."

సారు మధ్యగీత దగ్గరికి నడిచిపోయాడు. విజిల్ ఊదాడు.

మద్దిలేటి బంతి తీసుకుని మధ్యగీత దాటాడు. ఎవరూ అడ్డు లేరు. పది గజాల నుంచి కొట్టాడు. కుళ్లాయప్ప కావాలనే పక్కకు జరిగాడు. అయినా బంతి నెట్టులోకి పోలేదు! ఎవరి మోకాలికో తగిలినట్టు గాల్లోనే పక్కకు మళ్లి బయటికి పోయింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ అంతే. మూడోసారి బంతి వెనక్కి తిరిగి, మైదానమంతా తనంతట తానే దొర్లుకుంటూ గవర్నమెంటు కాలేజీ గోల్ కీపర్ కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. ఆ పిల్లవాడు దాన్ని ముట్టుకోలేదు. వాళ్లలో ఇద్దరు ఏడుపు మొహం పెట్టారు. "వద్దు మద్దిలేటీ, నిలబడిపోదాం" అన్నారు.

అప్పుడు కుళ్లాయప్ప గోలుపోస్టు వదిలి నాలుగడుగులు ముందుకొచ్చాడు. మనుషులెవరూ లేని చోటు చూసి అరవడం మొదలుపెట్టాడు. నా ముందు అన్నేళ్లు గొణిగిందంతా ఆ పూట గొంతెత్తి అరిచాడు.

"సుభానూ! ఇంక చాలురా! ఎవురు చెప్పినార్రా మీరు అంత గొప్ప టీమని? చచ్చిపోయినంత మాత్రాన ఆట వస్తాదా? నీ ఎడమకాలు ఏనాడన్నా పని చేసిందా? నేను మాత్రం? తలకాయ ఎత్తులో బాలొస్తే కండ్లు మూసుకుంటాంటి. ఆ యేడు ఫైనలాడింటే చిత్తుగా ఓడిపోతాంటిమి. ఓడిపోయి, తిట్టుకొని, ఇండ్లకు పోయి అన్నం తింటాంటిమి. వీళ్లు పోనీలేదు. ఫస్టు ర్యాంకని ఈడ్నే పట్టి పెట్టుకున్నారు." మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఓడిపోదాం రాండిరా. ఓడిపోతేనే ఇంటికి పోయేది. నేను ఈసారి దిగనులే, మీతోనే ఉంటా."

 ఆ పది చోట్ల లేచే దుమ్ము ఆగిపోయింది. కుళ్లాయప్ప వెనక్కి పోయి, మోకాళ్లు వంచి, చేతులు చాచి నిలబడ్డాడు. "కొట్టు మద్దిలేటీ. ఊరికే ఇస్తాననుకోవద్దు" అన్నాడు.

మద్దిలేటి కొట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ల కుళ్లాయప్ప నిజంగానే దూకాడు, మోచేతులు చెక్కుకుపోయాయి. బంతి అతని వేళ్లు దాటి నెట్టులో పడింది. జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. సమయం ముగిసేసరికి గవర్నమెంటు కాలేజీ మూడు గోల్స్ కొట్టింది. పదకొండు మంది ఒక్కడి మీద ముప్పావు గంట ఆడి మూడే ఎందుకు కొట్టగలిగారని ఎవరూ అడగలేదు. ఓ మోస్తరు జట్టుకు పడే గోల్సే అవి.

మా పోటీల్లో ఓడిన జట్టులో ప్రతి ఒక్కరూ స్కోరు కాగితం మీద సంతకం పెట్టాలి, తర్వాత తగాదా రాకుండా. కుర్చీలు, బల్లలు ఏవీ లేక ఆ కాగితాన్ని నా మీదే అదిమి పట్టుకుని పెట్టేవారు. కుళ్లాయప్ప రక్తం కారుతున్న చేత్తో పెన్ను పట్టుకుని తన పేరు రాశాడు. పెన్ను తిరిగి ఇవ్వబోయి ఆగాడు. చెయ్యి తీయకుండా కాగితాన్ని అలాగే నొక్కి పట్టుకున్నాడు. అప్పుడు నా ఒంటి మీద ఒక్కొక్కరుగా గీశారు. ఒకరు గట్టిగా, ఒకరు తేలిగ్గా, ఒకరు తొందరగా. ఆఖరున ఒకరు చాలాసేపు ఆగి, ఇష్టం లేనట్టు గీశారు. తర్వాత చూస్తే కాగితం మీద ఒక్క సంతకమే ఉంది.

"అయిపోయిందా?" అన్నాడు కుళ్లాయప్ప మెల్లగా. ఎవరిని అడిగాడో దైవాధీనం సారు అడగలేదు. మద్దిలేటి భుజం తట్టి, కుళ్లాయప్ప గేటు వైపు నడిచాడు. సారు ముందే పోయి గేటు తెరిచి పట్టుకున్నాడు. కుళ్లాయప్ప బయటికి వెళ్లిపోయాడు. సారు గేటు వేయలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, తల వంచుకుని, ఇంకా పది మంది దాటిపోయేంతసేపు దాన్ని అలాగే తెరిచి పట్టుకున్నాడు.