ఏడు పంక్తుల ఆకు

1981 మే 6, బుధవారం. ఉదయం ఆరుంబావుకి మామిడికుదురు దగ్గరి మఠంలో విమలానంద స్వామి నిమ్మగడ్డి నూనెలో గుడ్డ ముంచి తాటాకు గ్రంథాలు తుడవడం మొదలుపెట్టారు. ఆ ఆకుల మీద అరచెయ్యి ఆనిస్తే అక్షరాలు మోచేతిదాకా ఎక్కుతాయి. మళ్ళీ ఆనిస్తే దిగిపోతాయి. స్వామి రోజూ అక్షరాలు దించుకున్నాకే భోజనానికి కూర్చునేవారు.

పద్దెనిమిదో ఆకు ఖాళీగా ఉంది. మఠం భూమి హద్దులు ఏడు పంక్తుల్లో ఉండాల్సిన ఆకు అది.

ముందురోజు, మంగళవారం, తాటాకుల గదిలోకి వచ్చింది ఇద్దరు. గ్రంథాలకు నకళ్ళు రాసే అబ్రహాము మాస్టారు. మామిడిపళ్ళు తెచ్చిన ధర్మకర్త సుబ్బరాజు. మఠం భూమి సాగు చేసేది ఆయనే. స్వామికి అనుమానం ఒక్కరి మీదే కలిగింది.

“మాస్టారూ, ఒకసారి చేతులు...” స్వామి మాట పూర్తి చేయలేదు.

అబ్రహాము చొక్కా విప్పి దండెం మీద వేశారు. “వీపు కూడా చూసుకోండి స్వామీ. పన్నెండేళ్ళుగా మీ అక్షరాలు మోస్తున్నాను. ఒక్క సున్నా ఇంటికి పట్టుకెళ్ళలేదండి.”

చేతుల మీద టీకా మచ్చలు తప్ప ఏమీ లేవు.

“నల్లటి చేతి మీద నల్లటి అక్షరాలు కంటికి ఆనతాయేంటండీ?” అన్నారు సుబ్బరాజు గుమ్మంలోంచి.

“ఎండలో నిలబడతానండి. తమరే వచ్చి చదువుకోండి.”

సుబ్బరాజు నవ్వేరు. ఆ ఎండలకి ఊరంతా బనీన్లతో తిరుగుతోంది. ఆయన మాత్రం పొడుగుచేతుల చొక్కా వేసుకుని, మణికట్ల దగ్గర గుండీలు పెట్టుకున్నారు. ధర్మకర్తని చేతులు చూపించమని ఎవరూ అడగలేదు.

“సోమవారం స్టేషన్లో కంప్లైంటు ఇచ్చేద్దాం స్వామీ. నేనే రాయించుకొస్తాను” అన్నారాయన.

స్వామి కాదనలేదు. “ఈలోగా మీరు రాకండి మాస్టారూ” అన్నారు.

“ఆయ్” అని, అబ్రహాము కళ్ళజోడు పెట్టె జేబులో వేసుకుని వెళ్ళిపోయేరు.

ఆ నాలుగు రోజులూ స్వామి తన చేతులు కూడా ఇత్తడి పళ్ళెం అద్దంగా పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకున్నారు. సోమవారం కంప్లైంటు పడలేదు. సుబ్బరాజు రాలేదు.

ఎందుకు రాలేదో గురువారం తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం ఆయన వడదెబ్బ తగిలి పడిపోతే అమలాపురం ఆస్పత్రిలో చేర్చేరు. సెలైను కోసం చొక్కా చెయ్యి కత్తిరించిన నర్సు అమ్మాజీ కేసు షీటులో ఇలా రాసింది: “కుడి చేతి మీద పాత తెలుగు రాత, ఏడు పంక్తులు. నరం కనపడలేదు. ఎడమ చేతికి పెట్టాము.”