పుష్పవల్లి పెదాలు, పదమూడు గొంతులు

కృష్ణానగర్ ప్రార్థన మందిరంలో పెద్దపిల్లల ఆదివారం బడి రాజమ్మ టీచరుది. పద్నాలుగు మంది, అందరూ పన్నెండు దాటినవాళ్లే. మగపిల్లలకు మీసాలు మొలుస్తున్నాయి, ఆడపిల్లలకు అలకలు మొలుస్తున్నాయి. బైబిలు వాక్యం కంఠస్థం చెయ్యమంటే ఒకడికి కడుపునొప్పి, ఇంకొకడికి దాహం. సినిమా డైలాగులైతే మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోదు. ఒళ్లు మండదూ మరి!

ఎనభై తొమ్మిదిలో పాస్టర్ దేవసహాయం గారు ఖరాఖండిగా చెప్పేశారు. క్రిస్మస్ ముందు మందిరాల మధ్య జరిగే పోటీలో ఈ తరగతి నుంచి ఒక్కరైనా గొర్రెల కాపరి కీర్తన తప్పుల్లేకుండా అప్పజెప్పాలి. లేకపోతే తరగతి ఎత్తేసి పిల్లల్ని వెంగళరావు నగర్ మందిరంలో కలిపేస్తారు. కడుపున పిల్లల్లేని రాజమ్మకు ఆ పద్నాలుగు మందే పిల్లలు. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

భర్త భిక్షం డబ్బింగ్ థియేటర్‌లో పనిచేస్తాడు. సంగతంతా విని నవ్వాడు.

"నువ్వు గాళ్లకు పాఠం చెప్తున్నవ్. జర డబ్బింగ్ చెప్పియ్యి, ఎట్ల రాదో చూద్దాం" అన్నాడు.

భాష రాని హీరోయిన్లు కెమెరా ముందు ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెబుతూ కన్నీళ్లు కారుస్తారనీ, అసలు మాటలు తర్వాత ఇంకొకరు ఆ పెదాలకు అతికిస్తారనీ కృష్ణానగర్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. రాజమ్మ అదే ఆట పెట్టింది. ఒకరు ముందు నిలబడి పెదాలు కదుపుతూ నటించాలి. మిగతా పదమూడు మంది వెనక నుంచి కీర్తన చెప్పాలి. పలక మీద టేక్ నంబరు. మాట తడబడితే వన్ మోర్.

ఇంకేముంది, పిల్లలు రెచ్చిపోయారు. గంట కొట్టకముందే పారిపోయేవాళ్లు మధ్యాహ్నం భోజనాలకు పిలిచినా కదిలేవాళ్లు కాదు. ముందు నిలబడే వేషం ఎప్పుడూ జూనియర్ ఆర్టిస్టు లీలాకుమారి కూతురు పుష్పవల్లిదే. ఆ పిల్ల చెయ్యెత్తి పైకి చూస్తే చాలు, రాజమ్మకు కళ్లు చెమర్చేవి. పోటీకి ఆ పిల్ల పేరే ఇచ్చేసింది. అక్కడే బుర్ర పనిచెయ్యలేదు పాపం.

పోటీ రోజు దేవసహాయం గారు అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని వినడానికి కూర్చున్నారు. పుష్పవల్లి వేదికెక్కి చేతులు చాచింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. అప్పుడు తట్టింది రాజమ్మకు. నెలన్నరగా కీర్తన చెప్పింది ఆ పదమూడు మందీ. పుష్పవల్లి చెప్పినవన్నీ అంకెలే.

పిల్ల మాత్రం కంగారుపడలేదు. లోలోపల లెక్కపెట్టుకుంటూ నటిస్తూనే ఉంది. ఇంతలో బెంచీ మీద నుంచి సన్నగా ఒక గొంతు కీర్తన ఎత్తుకుంది. ఇంకొకటి కలిసింది. పాస్టర్ గారు కళ్లు మూసుకునే తలాడిస్తున్నారు. అంతా గట్టెక్కేదే, కానీ కొత్తగా గొంతు మారుతున్న ఓదెలు అనే పిల్లాడు ఆగలేక దున్నపోతులా అందుకున్నాడు. పాస్టర్ గారు కళ్లు తెరిచారు.

హాలంతా నవ్వులు. రాజమ్మ లేచింది.

"అయ్యగారూ, గీ పిల్లకు కీర్తన రాదు. తప్పు నాది. యాక్టింగు జూసి మురిసిన గానీ వస్తదా రాదా అని అడగలే. తరగతి తీసేస్తే తీసెయ్యుండ్రి."

"మరి చెప్పిందెవరమ్మా?"

బెంచీ మీద పదమూడు మందీ లేచి నిలబడ్డారు. ఆయన ఒక్కొక్కరినీ పిలిచి మొదటినుంచీ చెప్పించారు. పదమూడుసార్లు, ఒక్క తప్పు లేదు. ఓదెలు బొంగురుగా ముగించాక పాస్టర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పన్నెండేళ్లుగా ఈ పోటీ పెడుతున్నానమ్మా. బెంచీ మీద కూర్చున్నవాళ్లకి కూడా వాక్యం రావడం ఇదే మొదటిసారి" అన్నారు.

కప్పు వెంగళరావు నగర్‌కే పోయింది. తరగతి మాత్రం ఎక్కడికీ పోలేదు. రాజమ్మ ఇంటికొచ్చి భిక్షం భుజం మీద తల పెట్టుకుని హాయిగా ఏడ్చింది.

మరుసటి ఆదివారం కొత్త కీర్తన మొదలైంది, చాలా పొడుగుది. పాస్టర్ గారు చెప్పాపెట్టకుండా వచ్చి పుష్పవల్లిని వెనక వరుసలోకి పంపారు. ఈసారి ముందు తాను నిలబడతానన్నారు. ఓదెలు పలక చూపించాడు. వెనక నుంచి అందరికంటే గట్టిగా పుష్పవల్లి గొంతు లేచింది. పాస్టర్ గారు చేతులు చాచి, పైకి చూసి, మహా భక్తితో పెదాలు కదిపారు.

రాజమ్మ ఆయన దగ్గరికెళ్లి చెవి పెట్టింది. పెద్దాయన పన్నెండు, పదమూడు, పద్నాలుగు అంటున్నారు.